దంతవైద్య వినియోగం, వ్యయభారం: తెలుగు రాష్ట్రాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
దంతవ్యాధులు జనాభాలో అధికభాగానికి వచ్చేవే అయినా, వాటికి సకాలంలో చికిత్స పొందేవారు తక్కువ. చికిత్సకు వెళ్ళినవారిలోనూ పన్నును నిలుపుకొనేవారి కంటే తీయించుకొనేవారే పేదవర్గాల్లో ఎక్కువగా కనిపిస్తారు. దీన్ని అవగాహనాలోపంగా మాత్రమే వివరించడం పరిపాటి. చికిత్స ధర, దానికి పట్టే కాలం, కోల్పోయే కూలి, ఆరోగ్యపథకాల నిర్మాణం కలిసి ఈ ఎంపికను ఎలా నిర్ణయిస్తున్నాయో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: దంతవైద్యం, సొంత ఖర్చు, ఆరోగ్య బీమా, ఆరోగ్యశ్రీ, ఫ్లోరోసిస్, అడ్డపొగ.

1. ఉపోద్ఘాతం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది ఏదో ఒక నోటివ్యాధితో బాధపడుతున్నారు. భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపిన జాతీయ సర్వేలో 5 ఏళ్ళ పిల్లల్లో 51.9 శాతం, 12 ఏళ్ళవారిలో 53.8 శాతం, 35–44 ఏళ్ళవారిలో 80.2 శాతం, 65–74 ఏళ్ళవారిలో 85 శాతం మందికి దంతక్షయం ఉన్నట్లు తేలింది. సర్వే జరిగి రెండు దశాబ్దాలు దాటినా, దేశవ్యాప్త పరిశోధనల్లో ఈ అంకెలే నేటికీ తరచుగా ఉదాహరింపబడుతున్నాయి. అంకెల పాతదనం కూడా ఈ విషయానికి దక్కిన ప్రాధాన్యాన్ని కొంత సూచిస్తుంది.

ఆరోగ్య అర్థశాస్త్రంలో అవసరం, డిమాండ్, వినియోగం అనే మూడు భావనలను వేరువేరుగా చూస్తారు. వైద్యుడు నోరు పరీక్షించి నిర్ణయించేది అవసరం. డబ్బు, సమయం వెచ్చించడానికి రోగి సిద్ధపడినప్పుడు ఆ అవసరం డిమాండ్ అవుతుంది. వైద్యుడు అందుబాటులో ఉండి చికిత్స జరిగితే అది వినియోగం. గుండెపోటు, కాలు విరగడం వంటి సందర్భాల్లో ఈ మూడింటి మధ్య దూరం తక్కువ. దంతాల విషయంలో అది ఏళ్ళ తరబడి సాగుతుంది. పుచ్చిన పన్ను మొదట నొప్పి పెట్టదు. తరువాత చల్లటి నీళ్ళకు జివ్వుమంటుంది. ఆ తరువాత రాత్రి నిద్ర పట్టనివ్వదు. అకస్మాత్తుగా నొప్పి ఆగిపోయే దశ కూడా ఒకటి ఉంటుంది. పంటిలోపలి నాడి చచ్చిపోవడమే అందుకు కారణమైనా, రోగి దాన్ని నయం కావడంగా భావిస్తాడు. చౌకగా చికిత్స చేయగలిగిన దశలో బాధ ఉండదు, బాధ మొదలయ్యేనాటికి చౌక చికిత్స మిగలదు. దంతవైద్య వ్యయాన్ని గురించిన చర్చంతటికీ ఈ వైరుధ్యమే మూలం.

2. పన్నుపోటు నుండి వైద్యుని దాకా:

పన్నుపోటు వచ్చిన గ్రామీణుడు నేరుగా దంతవైద్యుని వద్దకు వెళ్ళడం అరుదు. లవంగం నమలడం, లవంగనూనెలో ముంచిన దూది పంటిలో పెట్టుకోవడం, ఉప్పునీళ్ళు పుక్కిలించడం మొదటి మెట్టు. మందుల దుకాణంలో నొప్పి బిళ్ళ అడిగి తెచ్చుకోవడం రెండవది. మూడవ మెట్టు ఊళ్ళోని ఆర్.ఎం.పి. ఆయన ఇచ్చే సూక్ష్మజీవనాశక మందులతో వాపు తగ్గి, నొప్పి కొన్నాళ్ళు మరుగున పడుతుంది. ఇదే వరుస ఏడాదిలో రెండు మూడుసార్లు తిరగవచ్చు. పట్నంలోని దంతవైద్యశాల చివరి మెట్టు. అక్కడికి చేరేసరికి రోగి అడిగేది చికిత్స గురించి కాదు, పన్ను తీసివేయమని మాత్రమే.

భాష కూడా ఈ స్థితికి సాక్ష్యం పలుకుతుంది. పన్ను పీకించుకోవడం, పళ్ళు కట్టించుకోవడం అనే మాటలు తెలుగులో సహజంగా కుదురుకొన్నాయి. కట్టుడు పళ్ళు అనే సమాసం అందరికీ తెలుసు. పన్నును నిలబెట్టే చికిత్సలకు వచ్చేసరికి ఫిల్లింగ్, రూట్ కెనాల్, స్కేలింగ్ అనే ఆంగ్లపదాలే వ్యవహారంలో ఉన్నాయి. సిమెంటు పెట్టించుకోవడం అనే మాట ఒక్కటే దీనికి మినహాయింపు కావచ్చు. పన్ను పోవడాన్నీ, పోయినదాని స్థానంలో మరొకటి అమర్చడాన్నీ జనజీవనం ఎరుగును. మధ్యలో దాన్ని కాపాడుకొనే దశ మాత్రం ఆస్పత్రి పరిభాషగానే మిగిలిపోయింది.

పైపన్ను తీస్తే కంటిచూపు మందగిస్తుందన్న నమ్మకం మరొక అడ్డంకి. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అయితే ఈ భయం ఉన్నవారు పన్ను తీయించుకోవడం మానుకొంటారే తప్ప, అందువల్ల పన్నును బాగుచేయించుకోవడానికి వెళ్ళరు. కాలయాపన మాత్రం పెరుగుతుంది.

అర్హత లేనివారి వైద్యాన్ని కేవలం మోసంగా కొట్టివేయడం చరిత్రకు సరిపడదు. కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో దంతవైద్య కళాశాలను నెలకొల్పేనాటికి దేశంలో పళ్ళు చూసేవారిలో అధికులు వంశపారంపర్యంగానో, చేతిపనిగానో దాన్ని నేర్చినవారే. 1948 నాటి దంతవైద్యుల చట్టం ఈ వాస్తవాన్ని గుర్తించి రిజిస్టరును రెండు భాగాలుగా విభజించింది. గుర్తింపు పొందిన పట్టాలున్నవారు మొదటి భాగంలో, పట్టా లేకపోయినా అప్పటికే కనీసం అయిదేళ్ళుగా ఆ వృత్తిపైనే జీవిస్తున్నవారు రెండవ భాగంలో చేరారు. చట్టం ఆ తలుపును తరువాత మూసివేసినా, చవక వైద్యం కోసం చూసే రోగులు ఉన్నంతకాలం తలుపు బయట కూడా వైద్యం సాగుతూనే వచ్చింది.

3. ధర, కాలం, కూలి:

పన్ను తీయించుకోవడమా, రూట్ కెనాల్ చేయించుకోవడమా అన్న ఎంపికను ఒక ఊహాత్మకమైన లెక్కతో పరిశీలించవచ్చు. ఒక వ్యవసాయ కూలీకి రోజుకూలి 500 రూపాయలనీ, పట్నానికి రానుపోను చార్జీ 60 రూపాయలనీ అనుకొందాం. పన్ను తీయడానికి రుసుము 300 రూపాయలు, ఒక్క ప్రయాణం చాలు. మొత్తం భారం 860 రూపాయలు. రూట్ కెనాల్, దానిపై తొడుగు కలిపి 5,000 రూపాయలనీ, పరీక్ష మొదలు తొడుగు బిగించేవరకు నాలుగు ప్రయాణాలనీ అనుకొంటే, రుసుము కాక కూలి, చార్జీల నష్టమే 2,240 రూపాయలు. మొత్తం 7,240 రూపాయలు.

ఈ లెక్కలో గమనించవలసింది మొత్తాల మధ్య తేడా ఒక్కటే కాదు. చికిత్సను పూర్తిగా ఉచితం చేసినా రూట్ కెనాల్ భారం 2,240 రూపాయలుగా మిగులుతుంది. అది రుసుము చెల్లించి పన్ను తీయించుకొన్నవాని మొత్తం భారానికి రెండున్నర రెట్ల పైమాట. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనో, విజయవాడలోనో, కడపలోనో ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలల్లో నామమాత్రపు రుసుముతో మంచి చికిత్స దొరుకుతుంది. కాని వంద కిలోమీటర్ల దూరం నుండి నాలుగుసార్లు రావలసిన కూలీకి ఆ చౌకదనం అందేది కొంతమేరకే. రోగి ఒక స్త్రీ అయితే తోడు వచ్చేవారి కూలి కూడా ఈ లెక్కలో చేరుతుంది. నెలజీతం తీసుకొనే ఉద్యోగి సెలవు పెట్టుకొని వెళ్ళగలడు. అందువల్ల ఒకే రుసుము ఇద్దరికి రెండు ధరలుగా పరిణమిస్తుంది.

పన్ను తీయించుకోవడం తక్షణకాలానికి హేతుబద్ధమైన నిర్ణయమే. దాని అసలు ధర తరువాత బయటపడుతుంది. దవడపన్ను పోయిన ఖాళీలోకి పక్కపళ్ళు ఒరుగుతాయి. ఎదురుపన్ను కిందికో పైకో సాగుతుంది. నమలడం ఒకవైపునకే పరిమితమవుతుంది. నాలుగైదు పళ్ళు పోయాక జొన్నరొట్టె, వేరుశెనగ, జామకాయ వంటివి ఆహారంలోంచి నెమ్మదిగా తప్పుకొంటాయి. ఈ నష్టం ఏ రసీదులోనూ కనిపించదు.

మధ్యతరగతి సమస్య వేరుగా ఉంటుంది. చికిత్స చేయించుకోవాలన్న సంకల్పం, వెళ్ళే వీలు ఉంటాయి కాని, చెప్పిన చికిత్స నిజంగా అవసరమా అన్న సందేహం పీడిస్తుంది. వైద్యసేవల మార్కెట్టులో అమ్మేవానికి, కొనేవానికి మధ్య సమాచారంలో ఉండే అసమానతను అర్థశాస్త్రవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే విశ్లేషించాడు. దంతవైద్యంలో ఆ అసమానత మరింత సూటిగా కనిపిస్తుంది. రోగ నిర్ధారణ చేసేవారు, చికిత్స చేసేవారు, ధర చెప్పేవారు సాధారణంగా ఒక్కరే. తన నోటి లోపలి పంటిని రోగి తానుగా చూడలేడు. ఇద్దరు వైద్యులు ఒకే నోటికి రెండు అంచనాలు చెప్పినప్పుడు వారిలో ఒకరు మోసగాడని రోగి తీర్మానిస్తాడు. ఆరంభదశలో ఉన్న పుచ్చును వెంటనే నింపాలా, గమనిస్తూ ఉండాలా అన్న విషయంలో వైద్యుల మధ్య నిజాయితీతో కూడిన భేదాభిప్రాయానికి తావుందన్న సంగతి అతనికి చెప్పేవారుండరు.

4. ఎవరు చెల్లిస్తారు:

దంతవైద్యానికి ప్రజాధనం వెచ్చించాలా అన్న ప్రశ్న అన్ని దేశాల్లోనూ తగాదాకు దారితీసింది. బ్రిటన్‌లో 1948 జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సేవలో పళ్ళ చికిత్స, కట్టుడు పళ్ళు ఉచితంగా చేర్చారు. ఏళ్ళ తరబడి అణగి ఉన్న అవసరం ఒక్కసారిగా వెల్లువెత్తి అంచనాలను తలకిందులు చేసింది. 1951లో కట్టుడు పళ్ళకు, మరుసటి ఏడాది ఇతర దంతచికిత్సలకు రుసుములు విధించారు. ఆ సేవకు రూపకర్త అయిన అనూరిన్ బెవాన్ రుసుముల వివాదంలోనే 1951 ఏప్రిల్‌లో మంత్రిపదవికి రాజీనామా చేశాడు. అమెరికాలో వృద్ధుల కోసం 1965లో తెచ్చిన మెడికేర్ సాధారణ దంతచికిత్సలను మొదటినుండే పక్కనబెట్టింది. 1970లలో అక్కడ రాండ్ సంస్థ జరిపిన ఆరోగ్య బీమా ప్రయోగంలోనూ దంతవైద్యం ఉచితంగా లభించినవారి వినియోగం మొదటి ఏడాది ప్రత్యేకంగా పెరిగి, తరువాత కొంత తగ్గింది. బ్రిటన్ అనుభవాన్ని దుబారాగా చూసినవారికి ఇది తగిన సమాధానం. తొలి వెల్లువలో అధికభాగం పాత బాకీ.

భారతదేశంలో ఈ ప్రశ్న ఇంత బాహాటంగా చర్చకు రాలేదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం ఆరోగ్యవ్యయంలో ప్రజల సొంత ఖర్చు వాటా 2013–14లో 64.2 శాతం ఉండగా 2021–22కు 39.4 శాతానికి తగ్గింది. ఇది గణనీయమైన మార్పే. కాని సాధారణ దంతచికిత్స జరిగే తీరును బట్టి చూస్తే ఈ తగ్గుదల ఫలం దానికి చేరిందనడం కష్టం. దేశంలో విస్తరించిన బీమా ప్రధానంగా ఆస్పత్రిలో చేరే రోగుల కోసం రూపొందింది. పళ్ళ వైద్యం కుర్చీలో కూర్చొని చేయించుకొని ఇంటికి వెళ్ళే వైద్యం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ప్రారంభమైన రాజీవ్ ఆరోగ్యశ్రీ ఈ నిర్మాణానికి దేశంలో తొలినాటి నమూనాల్లో ఒకటి. కుటుంబాన్ని అప్పులపాలు చేసే పెద్ద శస్త్రచికిత్సల భారాన్ని ప్రభుత్వం భరించడం దాని లక్ష్యం. ఆ లక్ష్యంలో అది లక్షలాది కుటుంబాలకు ఆసరాగా నిలిచింది. 2018 సెప్టెంబరు 23న కేంద్రం ప్రారంభించిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన కూడా అదే దారిలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల రక్షణ కల్పించింది. దవడ ఎముక విరిగితే జరిగే శస్త్రచికిత్స వంటివి ఈ పథకంలో ఉన్నాయి. ఆస్పత్రిలో చేర్చవలసిన వ్యాధో గాయమో ఉంటే తప్ప పుచ్చు నింపడం, రూట్ కెనాల్ వంటివి మినహాయింపుల జాబితాలో పడతాయి. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లోనూ ప్రమాదవశాత్తు జరిగిన గాయాలకు తప్ప దంతచికిత్సకు పరిహారం దొరకడం అరుదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకంలో మాత్రం పన్ను తీయడం మొదలు రూట్ కెనాల్ వరకు నిర్ణీత రేట్లున్నాయి. స్థిరమైన జీతం ఉన్నవారికే సాధారణ దంతచికిత్సలో ప్రభుత్వ సాయం దొరకడం ఇక్కడి విచిత్రం.

బీమా సంస్థల వాదనలో కొంత నిజం లేకపోలేదు. అరుదుగా, అనూహ్యంగా, భారీగా వచ్చే నష్టానికి బీమా సరిపోతుంది. పళ్ళ ఖర్చు తరచుగా వచ్చేది, చాలావరకు ముందుగా ఊహించగలిగేది, వాయిదా వేయగలిగేది. పన్ను చెడినవాడే పాలసీ తీసుకొంటాడన్న భయం సంస్థలకు ఉంటుంది. దీనికి జర్మనీ అనుసరిస్తున్న మార్గం పరిశీలింపదగినది. అక్కడి చట్టబద్ధ ఆరోగ్య బీమాలో కట్టుడు పళ్ళకు ఇచ్చే ప్రామాణిక సాయం 2020 అక్టోబరు నుండి 60 శాతం. అయిదేళ్ళపాటు క్రమం తప్పకుండా పళ్ళు పరీక్ష చేయించుకొన్నట్లు చిన్న పుస్తకంలో నమోదు ఉంటే అది 70 శాతానికి, పదేళ్ళ నమోదుంటే 75 శాతానికి పెరుగుతుంది. చెడిపోయాక ఇచ్చే సాయాన్ని చెడకుండా చూసుకొన్న అలవాటుతో ముడిపెట్టడం ఇందులోని విశేషం.

5. అడ్డపొగ, ఫ్లోరైడ్ — రెండు స్థానిక ఉదాహరణలు:

ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో, ప్రధానంగా స్త్రీలలో, చుట్ట నిప్పుకొసను నోటిలోపల ఉంచుకొని పొగతాగే అలవాటును అడ్డపొగ అంటారు. పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా ప్రభృతులు ఆంధ్రప్రదేశ్‌లోని 10,169 మంది గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం ఈ అలవాటుకూ అంగిలిలో ఏర్పడే మార్పులకూ గల సంబంధాన్ని వివరించింది. అంగిలి కాన్సర్‌గా మారకముందు తెల్లమచ్చలు, ఎర్రమచ్చలు, మందమైన పొర వంటి గుర్తులు కనిపిస్తాయి. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త ఒక టార్చిలైటుతో వాటిని గుర్తించగలదు. ఇప్పుడున్న చెల్లింపు విధానంలో ఆ టార్చి పరీక్షకు ప్యాకేజీ లేదు. అంగిలి తొలగించే శస్త్రచికిత్సకు, రేడియేషన్‌కు ఉంది. పైసలతో అయ్యే దశను వదిలి లక్షలతో అయ్యే దశ కోసం డబ్బు సిద్ధంగా ఉంచడం పథకం నిర్వాహకుల ఉద్దేశం కాకపోవచ్చు. ఆస్పత్రిలో చేరితేనే చెల్లింపు అన్న నియమానికి అది అనివార్యమైన ఫలితం.

రెండవ ఉదాహరణ ఫ్లోరోసిస్. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా గ్రామాల్లో ఈ వ్యాధిని షార్ట్, ఆయన సహచరులు 1937లో నమోదు చేశారు. నల్లగొండ పేరు దీనితో ఎంతగా పెనవేసుకొన్నదంటే, నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నల్లగొండ విధానంగానే వ్యవహరించింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. శాశ్వతదంతాలు చిగురు లోపల రూపుదిద్దుకొనే బాల్యంలో ఈ పరిమితిని మించిన నీళ్ళు తాగితే పళ్ళపై సున్నపుమచ్చలు, గోధుమరంగు చారలు ఏర్పడతాయి. ఒకసారి ఏర్పడిన మచ్చ మంచినీళ్ళు తాగినంతమాత్రాన పోదు. తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఇళ్ళకు చేర్చి రాబోయే తరానికి మేలు చేసింది. కాని పాత బోరునీళ్ళతో పళ్ళు ఏర్పడినవారు అవే పళ్ళతో పెళ్ళిచూపులకు, ఉద్యోగపు ఇంటర్వ్యూలకు వెళ్ళవలసి వస్తున్నది. మచ్చలు తొలగించడం, పంటికి పొర తొడగడం పథకాల దృష్టిలో సౌందర్యచికిత్స. నీటివనరు సమష్టిది, దానివల్ల వచ్చిన మచ్చను పోగొట్టుకొనే ఖర్చు వ్యక్తిది. అందం కోసం చేయించుకొనే చికిత్సకూ, ఒక ప్రాంతపు నేల మనిషి ముఖాన వేసిన ముద్రను చెరిపే చికిత్సకూ మధ్య తేడాను ఈ వర్గీకరణ గుర్తించదు.

6. వైద్యులున్నారు, వైద్యం లేదు:

దేశంలో దంతవైద్య కళాశాలలు 300కు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం ప్రైవేటువే. ఏటా వేలమంది పట్టభద్రులు వెలువడుతున్నా గ్రామాల్లో దంతవైద్యుడు కనిపించడు. కారణం స్పష్టమే. సాధారణ వైద్యుడు బల్ల, కుర్చీ, స్టెతస్కోపుతో వైద్యశాల తెరవగలడు. దంతవైద్యునికి ప్రత్యేకమైన కుర్చీ, గాలియంత్రం, ఎక్స్‌రే, పరికరాలను శుద్ధిచేసే యంత్రం, ఆగని విద్యుత్తు, నీటిసరఫరా కావాలి. రోగి వచ్చినా రాకపోయినా ఈ పెట్టుబడిపై వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడు మాత్రమే వచ్చే కొద్దిమంది రోగుల నుండి దాన్ని రాబట్టాలంటే రుసుము పెంచక తప్పదు. రుసుము పెరిగితే రోగి మరింత ఆలస్యంగా వస్తాడు.

సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుడు ఉండాలని 2012 నాటి భారతీయ ప్రజారోగ్య ప్రమాణాలు చెప్పాయి. పిల్లల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పరీక్షించే సమస్యల్లో దంతసమస్యలు ఉన్నాయి. కాగితంపై అంచెలన్నీ ఉన్నాయి. వైద్యుని నియమించినా కుర్చీ మరమ్మతుకు, నింపే పదార్థానికి నిధులు లేకపోతే ఆ కేంద్రంలో సాగేది పళ్ళు తీయడమే. పన్ను తీయడానికి మత్తుసూది, పట్టకారు చాలు.

ఈ ఖాళీని కొంతవరకు ప్రైవేటు దంతవైద్య కళాశాలల ఆస్పత్రులు పూరిస్తున్నాయి. విద్యార్థుల శిక్షణకు రోగులు అవసరం కావడంతో అక్కడ రుసుములు బయటి వైద్యశాలల కంటే చాలా తక్కువ. కొన్ని కళాశాలలు గ్రామాల్లో శిబిరాలు పెట్టి తమ బస్సుల్లోనే రోగులను తీసుకొనిపోతాయి. పైన చూపిన లెక్కలోని చార్జీని ఆ బస్సు రద్దు చేస్తుంది, కూలి నష్టాన్ని చేయలేదు. పర్యవేక్షణలో విద్యార్థి చేసే పని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ప్రయాణాల సంఖ్య పెరుగుతుంది కూడా.

7. లెక్కకు అందని ఖర్చు:

ఈ రంగంలో పరిశోధన చేయదలచినవారికి మొదటి చిక్కు దత్తాంశాలతోనే వస్తుంది. జాతీయ నమూనా సర్వే ఆరోగ్య విచారణల్లో, ఉదాహరణకు 2017–18 నాటి 75వ విడతలో, ఆస్పత్రిలో చేరినవారి వివరాలు గడచిన 365 రోజులకు, ఇతర రుగ్మతల వివరాలు గడచిన 15 రోజులకు సేకరించారు. మూడేళ్ళుగా పుచ్చుపన్నుతో ఒకవైపే నములుతున్న వ్యక్తికి ఆ 15 రోజుల్లో పోటు రాకపోతే అతడు తనను రోగిగా చెప్పుకోడు. గత ఏడాది బంగారం కుదువపెట్టి పళ్ళు కట్టించుకొన్న తల్లి ఖర్చు కూడా ఆ పక్షంరోజుల కిటికీలో పడదు. ఆస్పత్రిలో చేరలేదు కాబట్టి 365 రోజుల కిటికీలోనూ పడదు.

ఖర్చు చేసినవారి సగటును చూసి భారాన్ని అంచనా వేయడంలో మరొక ప్రమాదం ఉంది. ధర భరించలేక అసలు చికిత్సకే వెళ్ళనివారి ఖర్చు సున్నాగా నమోదవుతుంది. ఫలితంగా నిరుపేద వర్గంలో దంతవైద్య వ్యయభారం అత్యల్పమన్న తలకిందుల నిర్ధారణకు రావచ్చు. ఎంత ఖర్చయిందన్న ప్రశ్నతోపాటు ఏ చికిత్స సూచించారు, ఏది చేయించుకొన్నారు, మిగిలినది ఎందుకు మానుకొన్నారు, ఎన్ని రోజుల పని పోయింది అన్న ప్రశ్నలు అడిగితేనే సున్నా వెనుక ఉన్నది ఆరోగ్యమా, అశక్తతా అన్నది తేలుతుంది. మందుల దుకాణంలో చీటీ లేకుండా కొన్న నొప్పిబిళ్ళల ఖర్చును పళ్ళ పద్దులో విడిగా రాయించడం ఇందులో అన్నిటికంటే కష్టమైన పని. అడిగితే ఎక్కువమంది దాన్ని ఒంటినొప్పుల కిందనే చెబుతారు.